మీది మూడో నంబరు

కొన్నేళ్ల కింద ఢిల్లీలో మా మేనల్లుడు నన్ను భూమి లోపల నడిచే రైలు ఎక్కించాడు. ఒక లైను దిగి ఇంకో లైను ఎక్కాల్సిన స్టేషన్ అది. మెట్లు వాటంతటవే కదులుతున్నాయి, కొన్ని పైకి, కొన్ని కిందికి. రెండు దిక్కుల నుంచి వచ్చిన జనం ఒక్కచోట కలిసి మళ్లీ రెండుగా చీలిపోతున్నారు. ఎక్కడా ఆకాశం ముక్క లేదు. నా కాళ్లు ఆగిపోయాయి. ముందు నడుస్తున్న వాడు వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుని, "మామా, మనది కింద" అన్నాడు.

అప్పటికి వాడికి యాభై దగ్గర పడుతోంది. పెద్ద ఉద్యోగం. పొద్దంతా "మీరు, తమరు" అని మాట్లాడే మనిషి. అయినా "మీది కింద" అనలేదు, "మనది" అన్నాడు. అది వాళ్లమ్మ పెట్టిన నియమం. మా రెండిళ్లలో ఎవరూ దారి చెప్పేటప్పుడు "మీది" అనే మాట వాడకూడదు. ఆ నియమానికి కారణం నేను, ఆ రోజు నా చేతుల్లో ఉన్నది వాడు. అక్క ఈ కథ చెప్పినప్పుడల్లా అందులో నేను బుద్ధి లేనివాణ్ని. నేను చెప్పినా అంతే, కాకపోతే నా కథలో బేరానికి కాస్త చోటుంటుంది.

మాది ఖానాపూర్. బాపుది, అంటే మా నాన్నది, కిరాణం దుకాణం. మా ఇంట్లో ఎవరైనా ఒక ధర చెబితే అది ధర కాదు, మాట మొదలుపెట్టడం. వైద్యుడు వారం పథ్యం అంటే అవ్వ, మా అమ్మ, నాలుగు రోజులకు ఒప్పించి వచ్చేది. నేను నడక, బేరం ఒకేసారి నేర్చుకున్నానని బాపు చుట్టాలకు చెప్పుకునేవాడు. ఆయన గర్వంగా చెప్పేవాడో బాధతో చెప్పేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

రాష్ట్రం కలిసిన కొత్తలో మా దిక్కు ఆంధ్ర వైపు నుంచి ఓవర్సీర్లు, పంతుళ్లు, గుమాస్తాలు వచ్చారు. వాళ్లు మా దుకాణానికి వచ్చి "అండీ" అని పిలిచేవారు, "మీది ఏ ఊరండీ" అని అడిగేవారు. మా నోట్లో అట్లాంటి మాటలు తిరగవు. కాని వాళ్ల మాట వాళ్లకే వినిపిస్తే సరుకు ఇంకొంచెం ఎక్కువ పోతుందని నేను తొందరగానే పసిగట్టాను. "పప్పు మీది ఎన్ని శేర్లండీ?" అని సాగదీసి అడిగేవాణ్ని. బాపు గల్లాపెట్టె వెనక మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు తలకెక్కింది. ఇంట్లో కూడా అట్లాగే మాట్లాడి అవ్వ చేత తిట్లు తినేవాణ్ని.

అక్కను పెద్దపల్లిలో ఇచ్చారు. తొలిచూలు పురుటికి మా ఇంటికి వచ్చింది. పిల్లవాడు పుట్టాడు, ఐదో నెల వచ్చింది. వాడికి ఇంకా పేరు లేదు. మేనత్త తన నోటితో పిల్లవాడి చెవిలో పేరు చెప్పాలని బావ వాళ్లింట్లో పట్టు. ఆ మేనత్తకు జ్వరం వచ్చి మా ఊరికి రాలేకపోయింది. అందుకని తల్లీపిల్లలు అత్తగారింటికి వెళ్లేదాకా వాడు అందరికీ బుడ్డోడే.

శ్రావణంలో పంపాలనుకున్నాం. ఆ ఏడు వానలు ఎట్లా కురిశాయంటే, గోదావరి దాటి జగిత్యాల మీదుగా పోయే తొవ్వంతా వాగులు పొంగి తెగిపోయింది. చుట్టు తిరిగి పోవడమే మిగిలింది. బస్సులో బాసర, అక్కడి నుంచి సన్న పట్టాల చిన్న లైను బండిలో పట్నం, పట్నంలో బండి మారి వెడల్పు పట్టాల పెద్ద లైను మీద పెద్దపల్లి. బాసరలో పిల్లవాణ్ని అమ్మవారి ముందు పడుకోబెడతానని అవ్వకు మొక్కు కూడా ఉంది. నన్ను తోడు పంపారు.

బస్సు దగ్గర అవ్వ నాతో ఒక్కమాటే చెప్పింది. పిల్లవాడు తల్లి పాలు తప్ప ఏదీ ముట్టడు. ఆవు పాలు, మేక పాలు, ఉగ్గుగిన్నెతో పోసినా, గుడ్డ తడిపి పెట్టినా ఉమ్మేస్తాడు. పాలు కాస్త ఆలస్యమైతే ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబడతాడు, పెదవులు నల్లబడతాయి. ఇంట్లో రెండుసార్లు అట్లా అయింది. రెండోసారి అవ్వ వాడి మొహం మీద నీళ్లు చల్లి, కాళ్లు తట్టి తిరిగి ఊపిరి తీయించింది.

"పెట్టె పోతె పోనీ," అంది అవ్వ. "తల్లిని పిల్లను ఇద్దర్ని ఒక్కతాన ఉంచు. గంతే నీ పని."

"గంతేనా," అన్నాను. నాకు అది చాలా చవక బేరంలా అనిపించింది.

బాసరలో మొక్కు తీరింది. చిన్న లైను బండి వానలో ఆగుతూ ఆగుతూ నడిచింది. కామారెడ్డి దాటాక అక్క పాలిచ్చింది, వాడు నిద్రపోయాడు. పట్నం చేరేసరికి మధ్యాహ్నం బాగా వాలిపోయింది. పెద్ద లైను బండి బయలుదేరే వేళ దగ్గర పడింది. అక్క ఒక చేత్తో రొమ్ము దగ్గర కొంగు సర్దుకుంటూ, "లేస్తడిర వీడు. బండెక్కి కూసున్నంక పాలిస్త. జర తొందరగ నడువు" అంది.

ఆ స్టేషన్లో చిన్న లైను ఒక చివర, పెద్ద లైను ఇంకో చివర. మధ్యలో ఎన్నో పట్టాలు. ఇటు నుంచి అటు పోవడానికి రెండు తొవ్వలు. ఒకటి పైన ఇనుప వంతెన, ప్లాట్‌ఫారానికొక మెట్ల వరుస దిగుతుంది. రెండోది పట్టాల కింద తవ్విన తొవ్వ, సామానుతో ఉన్న వాళ్లు ఎక్కువగా అందులోంచే పోతారు. ఈ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు కనిపించింది పెట్టె ఎత్తడానికి వచ్చిన హమాలీ ఒక్కడే.

"ఏడికి సేట్?"

"పెద్దపల్లి బండి కాడికి. ఎంత?"

అతను చెప్పాడు. నేను అందులో సగం అన్నాను. ఆ సగం కూడా నా మంచితనం కొద్దీ ఇస్తున్నట్టు మొహం పెట్టాను.

హమాలీ పెట్టెను కాలితో కదిపి చూశాడు. "ఏం నింపిన్రు సేట్ ఇండ్ల? రాళ్లా?"

"బిడ్డకు పెట్టిన సారె. నువ్వు రాళ్లనుకుంటే రాళ్ల కూలే తీస్కో, రాళ్లకు తక్కువుంటది."

"ఇచ్చెయ్యరాదుర తమ్మీ," అంది అక్క. "బండి పోతది."

"నువ్వు మాట్లాడకక్కా. నీ మొకం జూసి ఇంక పెంచుతడు."

హమాలీ కదల్లేదు. అతను కూడా నాలాంటివాడే అని అర్థమైంది. అప్పుడు నాకు మా దుకాణంలో నేర్చిన ఒక ఉపాయం గుర్తొచ్చింది. సంత రోజు కొందరు ఆడవాళ్లు చంకలో పిల్లను గట్టిగా పట్టుకుని బేరమాడతారు, బాపు అంతటివాడు మెత్తబడతాడు. నేను అక్క వైపు చేతులు చాచాను.

"బుడ్డోణ్ని ఇటియ్యి."

"నిద్రల ఉన్నడు. ఎందుకు?"

"ఇయ్యి జర."

ఇచ్చింది. పిల్లవాణ్ని భుజానికి ఎత్తుకుని హమాలీ ముందు నిలబడ్డాను. "ఇగో సూడు భాయ్, పసిగుడ్డు. వానల తడుస్తున్నడు. వీని మొకం జూసన్న ఒక మాట చెప్పు."

"పిల్లగాణ్ని సూపెట్టి బేరం జేసుడు నేను గూడ జూసిన సేట్," అన్నాడు అతను. "నాకు ఐదుగురున్నరు. తీస్కరమ్మంటవా?"

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అదే సమయంలో నల్ల కోటు వేసుకున్న రైల్వే మనిషి ఒకాయన గొడుగు దులుపుతూ మా పక్క నుంచి పోతుంటే ఆపి అడిగాను. ఆయన ఆంధ్ర వైపు మనిషి. వాన మోతలో ఆయన మాటలు నాలుగడుగుల వెనకున్న అక్క దాకా పోలేదు.

"కాజీపేట మీదుగా వెళ్లేదా? మీది మూడో నంబరండి. కింద నుంచి వెళ్లిపోండి, వంతెన ఎక్కితే ఎటెటో తేల్తారు. త్వరగా వెళ్లాలి మరి."

ఆయన ఇంకా చెబుతుండగానే హమాలీ, "సరె, నీ మాట కాదు నా మాట కాదు" అని నడిమి మాట ఒకటి వదిలాడు. బేరం తెగే క్షణం అది. నా చెవులు అటు తిరిగాయి. తల మాత్రం భుజం మీదుగా అక్క వైపు తిప్పి, అచ్చం నల్లకోటాయన రాగంలో, "మీది మూడో నంబరండీ" అన్నాను. అక్క నవ్వుతుందనుకున్నాను. "నడవండి మరి" అని చెయ్యి కూడా ఊపాను.

పెట్టె హమాలీ తల మీదికి ఎక్కింది. నా కళ్లు పెట్టె మీదికి ఎక్కాయి. దుకాణం పిల్లలకు ఇది ఎవరూ నేర్పనక్కర లేదు, సరుకు కదిలితే కళ్లు దాని వెంట పోతాయి. హమాలీ కిందికి దిగాడు, నేనూ దిగాను. అక్క వెనకే వస్తోందనుకున్నాను.

కింద తొవ్వ సన్నగా, తడిగా ఉంది. గోడల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎక్కడో ఒక బల్బు. పైన ఏదో ఇంజన్ పోతుంటే ఆ చప్పుడు నెత్తిలో నుంచి కాళ్లలోకి దిగింది. ఎదురుగా ఇంకో బండి దిగిన జనం మూటలతో, తడిసిన గొడుగులతో మీద మీద పడుతున్నారు. నేను ఒక చేత్తో పిల్లవాడి తల కాపాడుకుంటూ, పెట్టె అంచు కనిపించిన చోటికల్లా దూరుకుంటూ పోయాను. మెట్లెక్కి మూడో నంబరు మీద తేలాను. బండి నిలబడి ఉంది. హమాలీ పెట్టె లోపల పెట్టి, చెయ్యి చాచాడు.

నేను వెనక్కి చూశాను. అక్క లేదు.

"వస్తది," అన్నాను, హమాలీ అడగకుండానే.

మెట్ల నుంచి జనం వస్తూనే ఉన్నారు. ప్రతి ఎర్రంచు చీర అక్కదే అనిపించింది, దగ్గరికి వచ్చాక కాకుండా పోయింది. జనం పలచబడ్డారు. తర్వాత ఎవరూ రాలేదు. నా భుజం మీద పిల్లవాడు మూతి కదిలించాడు, నా అంగీ మెడ చప్పరించి చూశాడు, నచ్చలేదు. కళ్లు తెరిచాడు.

"భాయ్, పెట్టె కాడ జర నిలవడు. అక్కను సూసొస్త."

"నిలవడుతె వేరె సేట్," అని ఒక మాట చెప్పాడు.

నమ్ముతారో లేదో, నా నోరు దానికీ సగం అంది. నేను అనలేదు, నోరు అంది. హమాలీ నా మొహం చూసి, "ఉరుకు, ఉరుకు" అన్నాడు.

మళ్లీ కిందికి దిగాను. "అక్కా" అని పిలిస్తే ఆ గోడలు నా మాటను ముక్కలు చేసి నాకే తిరిగి ఇచ్చాయి. అప్పుడు పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఇంట్లో ఏడిస్తే ఒక్క పిల్లవాడి ఏడుపు. అక్కడ పది మంది పిల్లలు ఏడ్చినట్టుంది. వాణ్ని ఊపాను, ముద్దు పెట్టాను, నాలుకతో గుర్రం చప్పుడు చేశాను. వాడు నా మొహం ఒకసారి సూటిగా చూసి, ఇది తల్లి కాదని తేల్చుకుని, ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు.

చిన్న లైను దాకా పోయాను. అక్క నిలబడిన చోట ఎవరో మూట మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. తిరిగి కిందికి వచ్చాను. గోడ పక్కన ఒకామె చిన్నపిల్లకు పాలిస్తూ కూర్చుని ఉంది. నేను ఆమె ముందు నిలబడ్డాను. ఎట్లా అడగాలో తెలియలేదు. పదేళ్లుగా అమ్ముతూ, కొంటూ అడగలేని మాట లేదనుకున్న నోరు అది.

"అమ్మా, వీనికి జర..." అన్నాను. "నీకేం గావాల్నో చెప్పు, ఇస్త."

ఆమె కొంగు లాక్కుని, తన పిల్లను రెండు చేతులా దాచుకుని లేచింది. "ఏందిర, ఏం మాట్లాడుతున్నవ్? ఎవని పిల్లను ఎత్తుకొచ్చినవ్?" అంది. ఆ తర్వాత అరిచింది. ఆ తొవ్వలో అరిస్తే స్టేషనంతా విన్నట్టే.

జనం మూగారు. జనంలోంచి పోలీసు జవాను ఒకాయన వచ్చాడు. తొందరేమీ లేదు ఆయనకు.

"ఎవల పిల్లగాడు?"

"మా అక్క కొడుకు."

"అక్క ఏది?"

"తప్పిపోయింది."

"పిల్లలు తప్పిపోతరు. పెద్దమనిషి తప్పిపోతదా?" అన్నాడు. "పేరేంది వీనిది?"

"ఇంకా పెట్టలే."

వెనక ఎవరో నవ్వారు. "నెలల పోరడు, పేరు లేదట."

"మేనత్త పెట్టాలె. ఆమెకు జరమొచ్చింది, రాలే."

"మేనత్త ఏడున్నది?"

"పెద్దపల్లిల."

జవాను తల ఊపాడు. "అక్క లేదు, అత్త లేదు, పేరు లేదు. నువ్వు మాత్రం ఉన్నవ్. పా, చౌకీల కూసొని మాట్లాడుదాం." నా రెక్క పట్టుకున్నాడు.

పిల్లవాడి ఏడుపు మారింది. మధ్యలో ఆగుతోంది, ఆగిన చోట ఊపిరి రావడం లేదు, మళ్లీ వస్తోంది. అవ్వ చెప్పినది ఇదే. పెదవుల చుట్టూ నలుపు తిరుగుతోంది. నేను వాడి అరికాళ్లు తట్టాను, చెక్కిళ్ల మీద ఊదాను. పైన మూడో నంబరు మీద మా బండి కూత పెట్టింది. అక్క ఏదో డబ్బాలో ఎక్కి కూర్చుని ఉంటే బండితో పాటు పోతుంది. ఎక్కకుండా ఉంటే ఎక్కడుందో తెలియదు. చౌకీకి పోతే వీడు నా చేతుల్లో...

మెట్ల మొదట్లో వాన తగలకుండా జామకాయల గంప పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఇంతసేపూ చూస్తూనే ఉందేమో, జవానుతో అంది:

"సిపాయీ, గా ఎత్తుకున్నోడు దొంగ గాదు. దొంగయితె పిల్లగాని మూతి మూసి ఉరుకుతుండె. ఓ కొడుకా, నీ అక్క మీది తొవ్వకెల్లి పోయిందేమో సూసినవా?"

మీది తొవ్వ.

మా మాటలో మీది అంటే పైది. మీది అర్ర అంటే పై గది, మీదికెల్లి అంటే పైనుంచి. ఆంధ్ర వైపు వాళ్లు మాతో "మీది" అన్నప్పుడు అది మర్యాద, నీది అనడానికి. నేను గల్లాపెట్టె ముందు నేర్చుకున్నది ఆ మర్యాద. అక్క ఎవరికీ ఏదీ అమ్మలేదు. పుట్టిన దగ్గరి నుంచి నేను ఆమెను "నువ్వు" అనే పిలిచాను. ఇద్దరం కలిసి పోయే బండిని ఏ తమ్ముడైనా "మనది" అంటాడు. అక్కకు "మీది మూడో నంబరు" అంటే ఒక్కటే అర్థం, పైన ఉన్న తొవ్వ, మూడో దిగుడు. మేము పెట్టె ఎత్తుతుండగానే ముందు నడిచి వంతెన ఎక్కింది. మూడో మెట్ల వరుస దిగింది. చిన్న లైను వైపు నుంచి లెక్కపెడితే మూడో దిగుడు మూడో నంబరుకు కాదు, ఇంకెక్కడికో పోతుంది. అక్కడ ఇంకే బండి ఉందో.

"జవాన్ సాబ్," అన్నాను, "నేను చౌకీకి వస్త. కాదన. గని ముందుగాల వంతెన మీదికి పోదాం. పిల్లగాణ్ని నువ్వే ఎత్తుకో. నా అంగి పట్టుకో, మెడ పట్టుకో, ఏది గావాల్నో గది పట్టుకో. ఆడ అక్క లేకుంటే నీ ఇష్టం."

"నాతోని బేరం జేస్తున్నవా?"

"అవు సాబ్."

ఆయన పిల్లవాడి పెదవులు చూశాడు. నా అంగీ వెనక గుడ్డను గుప్పిట్లో పట్టుకుని, "నడువు" అన్నాడు.

వంతెన మెట్లు వానకు జారుతున్నాయి. పైకి వచ్చేసరికి నాకూ ఊపిరి లేదు. కింద వరసగా పట్టాలు, డబ్బాల కప్పులు, పొగ. మూడో దిగుడు కింద ఒక బండి కూత వేసి సిద్ధంగా ఉంది. దాని ఇంజను మా బండి ఇంజనుకు ఎదురు దిక్కు చూస్తోంది. వాడి జంక్షన్ వైపు పోయే బండి అది. గార్డు పచ్చ జెండా విప్పుతున్నాడు.

"అక్కా" అని అరిచాను.

ఆ బండిలో ఉన్న ఆడవాళ్లందరూ ఎవరో ఒకరికి అక్కలే. కిటికీల్లోంచి ఎన్నో తలలు బయటికి వచ్చి నా వైపు చూశాయి, మళ్లీ లోపలికి పోయాయి. అందులో మా అక్క లేదు. పేరు పెట్టి పిలుద్దామంటే పెద్దదాన్ని పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, ఆ క్షణంలో కూడా నోరు రాలేదు. అప్పుడు నా గొంతులోంచి మా దుకాణం కేక వచ్చింది. సంత రోజు మాకు మనుషుల పేర్లతో పని లేదు. ఏ ఊరి మనిషినైనా ఊరి పేరుతోనే పిలుస్తాం. ఇచ్చోడ నుంచి వచ్చినవాణ్ని "ఓ ఇచ్చోడా, నీ సంచి మర్సినవ్" అని బాపు అరిస్తే సంత ఆ చివర ఉన్నవాడు కూడా వెనక్కి తిరిగేవాడు.

"ఓ ఖానాపూర్" అని అరిచాను. "ఓ ఖానాపూర్, నీ కొడుకు ఈడున్నడు."

అరుస్తూనే మెట్లు దిగుతున్నాను, జవాను నా అంగీకి వేలాడుతూ వస్తున్నాడు. బండి ఒకసారి కుదుపు ఇచ్చింది. అన్నిటికంటే చివర, ఆడవాళ్ల డబ్బా దగ్గర, ఎర్రంచు చీర కనిపించింది. అక్క ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద పెట్టి నిలబడి ఉంది. లోపలి ఆడవాళ్లు ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకుని లోపలికి గుంజుతున్నారు. మంచికే గుంజుతున్నారు. "ఎక్కు చెల్లె, నీ తమ్ముడు ఎనక డబ్బల ఎక్కి ఉంటడు. ఆగే టేషన్ల దొరుకుతడు" అంటున్నారట. అక్క ఎక్కడానికే కాలు ఎత్తిందని తర్వాత చెప్పింది. పిల్లవాడు బండిలో ఉండి తాను కింద మిగిలిపోతే ఎట్లా అని ఆమె భయం.

ఆ కేక విని తల తిప్పింది. రెక్కలు విడిపించుకుంది. కదిలిన బండి మెట్టు తగిలి ప్లాట్‌ఫారం మీద మోకాళ్ల మీద పడింది. పడిన చోటే కూర్చుని రెండు చేతులూ చాచింది. పిల్లవాణ్ని ఆ చేతుల్లో పెట్టాను. అప్పుడు వాడు ఏడవడం లేదు. అదే నాకు భయం. అక్క వాడి వీపు తట్టి, చెవి దగ్గర ఏదో అని, కొంగు కప్పేసింది. కొంగు కింద చప్పుడు లేదు. బండి మా పక్క నుంచి డబ్బా తర్వాత డబ్బా పోతూనే ఉంది, దాని చప్పుడులో ఏదీ వినపడదు. నేను అక్క మొహం వైపే చూస్తున్నాను. చివరి డబ్బా దాటిపోయింది. కొంగు కింద నుంచి ఒక దగ్గు, ఒక ఎక్కిలి, తర్వాత గుటకలు మింగే చప్పుడు వచ్చింది. అక్క కళ్లు మూసుకుంది.

జవాను అప్పటికి నా అంగీ వదిలేశాడు. వెనక్కి తిరిగి, పట్టాల వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. అటే చూస్తూ, "పేరు తొందరగ పెట్టుకోండ్రి," అన్నాడు. "అందరు నాలెక్క నిమ్మలంగ అడుగరు."

కింది తొవ్వలోంచి మూడో నంబరు మీదికి వచ్చేసరికి మా బండి లేదు. ఖాళీ ప్లాట్‌ఫారం మీద మా పెట్టె ఉంది, దాని మీద హమాలీ కూర్చుని ఉన్నాడు.

"కూత పడంగనే దించిన," అన్నాడు. "దొరికిందా అక్క? మంచిగయింది. సేట్, ఎక్కిచ్చిన కూలి, కావలున్న కూలి, దించిన కూలి."

నేను నోరు తెరిచాను.

"ఇయ్యి," అంది అక్క.

ఇచ్చాను. అతను చూసుకుని అందులోంచి కొంత నా చేతిలో తిరిగి పెట్టాడు. "కావలి కూలి సగం అన్నవ్ గద," అన్నాడు. నన్ను ఎక్కిరించాడో, నా బేరం నిలబెట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

తర్వాతి పాసింజరు చీకటి పడే ముందు ఉందన్నారు. పెట్టె మీద అక్క, కింద నేను. ఆమె మోకాళ్లు చెక్కుకుపోయి చీర అంటుకుంది. జామకాయల ముసలామె దగ్గర కాయలు కొని తెచ్చాను, ఆమె చెప్పిన ధరకే. అక్క ఒకటి కొరికి, చాలాసేపు నమిలింది.

"మీది తొవ్వ అని చెప్పి నువ్వెందుకు కిందికి వొయినవ్?"

నల్లకోటాయన మాట, నేను చేసిన వెక్కిరింపు, మర్యాద, అన్నీ చెప్పాను. నవ్వుతుందేమోనని చివర్లో కొంచెం రాగం కూడా తీశాను. నవ్వలేదు.

"అంటే నాది అని చెప్పినవా?"

"ఆఁ. నాది కూడ అనుకో."

"గట్లెట్లయితదిర? బండి నాదయితే నీది గాదా? నన్ను సాగనంపినంక ఇగ నేను మీరయిన్నా నీకు?" పిల్లవాణ్ని ఇంకో భుజానికి మార్చుకుంది. "మనది అంటె నీ దుకాణంల ఏం తక్కువయితుండె?"

నేను మిగిలిన జామకాయలన్నీ ఆమె ఒళ్లో పెట్టాను.

పాసింజరు వచ్చింది. ఈసారి రెండు ప్లాట్‌ఫారాల మీద రెండు బండ్లు నిలబడి ఉన్నాయి. నేను ముందే పోయి ఇద్దరిని అడిగి వచ్చాను. అక్క పిల్లవాణ్ని రెండు చేతులా పట్టుకుని, అడుగు కదపకుండా నా వైపు చూసింది.

"ఏది?"

"గదక్కా. పొగ ఇటు కొడుతున్న బండి. మనది."

"మల్ల చెప్పు."

"మనది," అన్నాను.

అప్పుడు నడిచింది.